నువ్వు పంపిన టేబుల్ చూసినాక

పాపా,

మీ యమ్మ ఫోన్ చేసి, నువ్వు అనంతపురంలో సాయినగర్ పక్క మూడో అంతస్తులో ఇల్లు తీసుకున్నావని, ఇంట్లోకి సామాన్లన్నీ సేల్‌లో ఒకేసారి ఆర్డర్ పెడతా అంటాండావని, కంప్యూటర్లో ఏందో పెద్ద పట్టిక చేసినావని చెప్పినప్పటి నుంచి నాకు ఒకపక్క గర్వంగా ఉంది, ఇంకోపక్క గుబులుగా ఉంది. ఫోన్లో చెప్తే "సరే మామా, సరే మామా" అని పెట్టేస్తావు, నీ సంగతి నాకు తెల్దా, అందుకే గుత్తిలో కూర్చొని ఇదంతా టైప్ చేస్తా ఉన్నా. ఒత్తులు తప్పుంటే సర్దుకో.

పట్టిక పంపినావు, చూసినా. శానా బాగుంది. మా కాలంలో షాపాయన ఏది తుడిచి ముందర పెడితే అదే కొనుక్కొని వచ్చేది, నువ్వు ఫ్రిజ్జులూ వాషింగ్ మిషన్లూ ఏసీలూ అన్నీ వరసలు కట్టి, ధర, రేటింగు, ఎంతమంది ఇచ్చినారు, స్టార్లు, వారంటీ అని గడులు గీసినావు. బ్యాంకులో ఊరికే ఉద్యోగం ఇయ్యలేదులే నీకు. కాకుంటే చివర్న "ఫైనల్ స్కోర్" అని ఒక గడి పెట్టి పచ్చ రంగు పూసినావు చూడు, అక్కడే నాకు కాలింది. మొదటి వరసలో ఏదుంటే అది కొనేస్తా అంటే ఎట్ల?

ఆ స్కోర్ ఎట్ల వచ్చిందా అని చూస్తే, కరెంటు స్టారూ, జనాలిచ్చిన స్టారూ, ఎవరో ల్యాబులో ఇచ్చిన మార్కులూ మూడూ కలిపి సగటు తీసినావు. అవి ఒక జాతివి కావు పాపా. ఫ్రిజ్జు మీద అతికించే స్టార్లు బీఈఈ వాళ్లవి, ప్రభుత్వానివి, అవి కరెంటు సంగతి తప్ప ఇంకేమీ చెప్పవు. ఐదు స్టార్లుంటే గట్టి సరుకు అని కాదు, ఆ తరగతిలో తక్కువ కరెంటు తాగుతాది అని, అంతే. జనాలిచ్చే స్టార్లు కొన్నోళ్ల సంతోషం. ల్యాబ్ మార్కులు ఇంకో లెక్క, అమెరికాలో కన్స్యూమర్ రిపోర్ట్స్ అని 1936 నుంచి ఉండాది, కంపెనీలిచ్చే శాంపిల్ పట్టుకోకుండా తామే అంగట్లో డబ్బు పెట్టి కొని పరీక్ష చేస్తారు, మన ఢిల్లీలో కన్స్యూమర్ వాయిస్ వాళ్లు కూడా ల్యాబుల్లో పోల్చి పట్టికలు వేస్తారు. వాటికి నేను దండం పెడతా. కానీ అక్కడ కూడా మొత్తం మార్కులు చూసి ఆగిపోవద్దు. నీ టెన్త్ మార్కులు గుర్తుండాయా, టోటల్ చూసి ఊరంతా స్వీట్లు పంచినాడు మీ నాయన, హిందీ ఎన్ని వచ్చినాయో నీకు నాకు మాత్రమే తెలుసు. మిషన్లకు కూడా ఏదో ఒక హిందీ ఉంటాది, టోటల్లో కనపడదు.

మీ గుంతకల్లు పెదనాన్న సంగతి నీకు సగమే తెలుసు. రైల్వే మనిషి, టైమ్ టేబుల్ నమ్మి బతికినోడు. రిటైర్ అయినాక ఇల్లు కట్టుకొని, మీ పెద్దమ్మ చేతులు అరిగిపోయినాయని వాషింగ్ మిషన్ కొనాలనుకున్నాడు. మనలాగ కాదు, పద్ధతిగా కొనాలని ఒక పత్రికలో వచ్చిన రేటింగుల పట్టిక కత్తిరించి, స్కేలు పెట్టి ఎర్ర గీతలు గీసి, నాలుగు నెలలు జేబులో పెట్టుకొని తిరిగినాడు. ఉతుకుడు, జాడింపు, నీళ్ల ఖర్చు, కరెంటు ఖర్చు, శబ్దం, ఐదింటిలోనూ ఫస్టు వచ్చిన మిషన్, ముందర తలుపుండేది, లోపల నీళ్లు వేడి చేసే హీటరుండేది, అదే తెప్పించినాడు. నాతో ఒక మాట అడగలేదు. అడిగుంటే ఏం చెప్తునో వాడికి తెలుసు, అందుకే అడగలేదేమో.

మొదట్లో బ్రహ్మాండం. మీ పెద్దమ్మ మిషన్ ముందర కుర్చీ ఏసుకొని గాజు తలుపులోంచి చీరలు తిరిగేది చూస్తా కూర్చునేది, టీవీ కూడా పెట్టేది కాదు. కొన్నాళ్లకు నీళ్లు ఎక్కేది లేటయింది. వాళ్ల ట్యాంకు మిషన్ ఉండే మేడ మీదే, ఎత్తు శానా తక్కువ, ప్రెజర్ యాడ నుంచి వస్తాది? మిషన్ కాసేపు చూసి ఎర్రర్ అని ఆగిపోయేది. తర్వాత వేడి పోయింది. కంపెనీకి ఫోన్ చేస్తే మనిషి వేరే ఊరి నుంచి రావల్ల, ఈ వారం, వచ్చే వారం, ఇట్ల జరిగి జరిగి చివరికి నన్ను పిలిచినారు. విప్పి చూస్తే హీటర్ రాడ్డు కనపడలా. సున్నం. వేలి మందాన తెల్లగా పట్టింది, స్క్రూడ్రైవర్ పెట్టి తడితే పెళ్లలు పెళ్లలుగా ఊడింది. నీళ్లు వచ్చే పైపు మూతిలో సన్న జల్లెడ ఉంటాదే, అది కూడా పూడిపోయింది. బోరు నీళ్లు పాపా, మన జిల్లా బోరు నీళ్లు. రాడ్డు శుభ్రం చేసి, జల్లెడ కడిగి, పెట్టి వచ్చినా. ఎండాకాలం వోల్టేజ్ ఆటకు పిసిబి బోర్డు, అదే మిషన్‌ను నడిపించే ఎలక్ట్రానిక్ పలక, కాలిపోయింది. బోర్డు ధర చెప్పేటప్పటికి మీ పెదనాన్న ఆ కత్తిరించిన కాగితం బయటకు తీసి నాకు చూపించినాడు, "ఐదింటిలో ఫస్టు రా ఇది" అని. నాకు నవ్వాల్నో ఏడవాల్నో తెలీలేదు. పట్టిక అబద్ధం చెప్పలేదు. ల్యాబులో లెక్క ప్రకారం ప్రెజరు, లెక్క ప్రకారం నీళ్లు, నిలకడ కరెంటు పెట్టి పరీక్ష చేసినారు, అక్కడ అది ఫస్టే. గుంతకల్లు బోరు, ఆ మేడ మీద ట్యాంకు, సర్వీసుకు యాడ నుంచి రావల్ల, ఈ మూడు గడులు ఆ కాగితంలో లేవు, వాడు గీసుకోలేదు. ఇప్పుడు ఆ మిషన్ మీద బియ్యం డబ్బా ఉండాది, మీ పెద్దమ్మ మళ్లీ బండ మీదే ఉతుకుతాంది, నేను పోయినప్పుడంతా దాని వైపు చూడకుండా లోపలికి పోతా.

కాబట్టి నీ టేబుల్‌కు ముందర మూడు గడులు కలుపు. నీళ్లు ఎట్లాంటివి, కరెంటు ఎట్ల వస్తాది, చెడిపోతే అనంతపురంలోనే మనిషి దొరుకుతాడా. కింద ఉండే ఓనరమ్మను అడుగు, పక్కింటోళ్లను అడుగు, వాళ్ల గీజర్ రాడ్డు ఎన్నాళ్లకు మార్చినారో అడుగు, దాంతో నీళ్ల సంగతి తేలిపోతాది. సుభాష్ రోడ్డులో నేను పని చేసిన షాపులున్నాయి, పోయి "ఈ మోడల్‌కు విడి సామాను దొరుకుతాదా అన్నా" అని అడుగు, నా పేరు చెప్పు, టీ తాపిస్తారు. ఈ మూడింటిలో నిలబడనివి ముందు కొట్టెయ్. తర్వాత, ధర ఎక్కువై అన్ని గడుల్లో ఇంకోదాని కంటే తక్కువున్నవి కొట్టెయ్. మిగిలిన రెండు మూడింటిలో ఏదైనా ఒకటే, 86 స్కోరుకూ 84 స్కోరుకూ తేడా ఏమీ లేదు, దానికోసం నిద్ర చెడగొట్టుకోవద్దు. పట్టిక కొట్టెయ్యడానికి బాగా పనికొస్తాది, ఎంచుకోడానికి అంత కాదు.

స్టార్ల లెక్క ఇంకొంచెం చెప్తా, కోప్పడొద్దు. స్టార్ కాదు, దాని కింద రాసిన యూనిట్లు చూడు. పెద్ద ఫ్రిజ్జు ఐదు స్టార్లుండి చిన్న మూడు స్టార్ల దాని కంటే ఎక్కువ కరెంటు కాల్చొచ్చు, సైజును బట్టి ఇచ్చే స్టార్లు అవి. లేబుల్ మీద ఏ కాలానిదో కూడా చూసుకో, ఏసీలకు 2022 జూలైలో రూల్ బిగించినారు, అంతకు ముందు రోజు ఐదు స్టార్లున్నది మరుసటి రోజు నాలుగైంది, మిషన్ అదే.

ఇంక ఏసీ. లేబుల్ మీద యూనిట్లు 1600 గంటలకు రాస్తారు. నువ్వు ఎండాకాలం మూడు నెలలు రాత్రి ఎనిమిది గంటలు వేసుకున్నా 720 గంటలే. మూడు స్టార్లకూ ఐదు స్టార్లకూ లేబుల్ మీద 200 యూనిట్ల తేడా అనుకో, నీకు మిగిలేది 90, యూనిట్ ఏడు రూపాయలు వేసుకుంటే సంవత్సరానికి 630. దానికోసం ఎనిమిది వేలు ఎక్కువ పెడితే అది తిరిగొచ్చేటప్పటికి నీ పిల్లలు స్కూలుకు పోతాంటారు. అదే ఫ్యాన్ చూడు, మామూలుది 75 వాట్లు, బీఎల్‌డీసీ అని కరెంటు తక్కువ తాగే మోటారుది 30 ప్రాంతం, రోజుకు పదహైదు గంటలు, మన ఊర్లో సంవత్సరంలో 300 రోజులు తిరుగుతాది, ఒక్క ఫ్యాన్‌కు 200 యూనిట్లు మిగులుతాయి. పద్నాలుగు వందలు. నీ టేబుల్‌లో ఏసీలకు పదకొండు వరసలు, ఫ్యాన్‌కు ఒక్క వరస లేదు!

జనాల రేటింగులు: 38 మంది ఇచ్చిన 4.6 కంటే పదకొండు వేలమంది ఇచ్చిన 4.2 మేలు. ఐదు స్టార్ల రివ్యూలు సగం డెలివరీ పిల్లోడు మంచోడు అని రాసేవే, డబ్బా విప్పకముందే రాస్తారు. రెండు, మూడు స్టార్లవి చదువు, ఆరు నెలల తర్వాత రాసినవి ఏరుకో. వేరే సైజుల రివ్యూలు కూడా ఒకే చోట కలిపేస్తారు, చూసుకో. ఇస్త్రీ పెట్టెకు, గ్యాస్ పొయ్యికి ఐఎస్ఐ మార్కు, కింద నంబర్ ఉండాల, ఆ నంబర్ ఆ మార్కు ఇచ్చే ప్రభుత్వ సంస్థ బీఐఎస్ వాళ్ల బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి చూడు. మోసం జరిగితే 1915కు, అదే వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు, ఫోన్ చెయ్. బిల్లు ఫోటో తీసి మీ యమ్మకు పంపు, నువ్వు పోగొడతావు.

వడ్డీ లేని ఈఎంఐ అంటారు, అది వద్దు. ఎందుకు అని అడగొద్దు. డబ్బు తక్కువైతే ఏసీ వచ్చే ఎండాకాలం కొందువు.

వీటన్నిటి కంటే ముందు ఒకటి చెయ్యి, ఏ పట్టికలోనూ ఉండదు. ఇంట్లో ఎర్తింగ్, అదే లీకయ్యే కరెంటును భూమిలోకి పంపే వైరు, ఉందా? ప్లగ్గులో మూడో బొక్క పైకి కనపడతాది, వెనకాల వైరే ఉండదు, అద్దె ఇళ్లలో ఇట్లాంటివి ఎన్ని చూసినానో. తడి చేత్తో మిషన్ ముట్టుకుంటే జిల్లుమంటాది, అప్పుడు అందరూ మిషన్‌ను తిడతారు. ఇది తలుచుకుంటే నాకు ఇప్పుడు కూడా చేతులు చల్లబడతాయి, నీకు అవన్నీ చెప్పను. ఆదివారం పొద్దున బస్సుకు వస్తా, నా టెస్ట్ ల్యాంప్ తెచ్చుకుంటా, అన్ని ప్లగ్గులూ చూస్తా, ఏసీకి వేరే లైను, కరెంటు ఎక్కువైతే దానంతట అదే ఆగిపోయే ఎంసీబీ స్విచ్చు ఉందో లేదో చూస్తా. అంతవరకూ ఆర్డర్ బటన్ మీద చెయ్యి పెట్టొద్దు, సేల్ పోతే ఇంకో సేల్ వస్తాది. మీ అత్త ఉగ్గాని కట్టిస్తా అంటాంది, బజ్జీలు అక్కడే చేసుకుందాం.

ఆ లోపల ఒక పని. మూడో అంతస్తు అన్నావు కదా, మెట్లు తిరిగే మలుపు దగ్గర వెడల్పు, వంటింటి తలుపు వెడల్పు కొలిచి పంపు. నీ టేబుల్‌లో మొదటి వరసలో ఉండే డబుల్ డోర్ ఫ్రిజ్జు ఆ మలుపు తిరగదని నాకు అనుమానం. టేపు లేకుంటే చున్నీతో కొలిచి ముడి వేసి పెట్టు, నేను వచ్చి చూస్తా.

మీ మామ