లా పాయింటు: మార్బరీకి దక్కనిది, మిరాండాకు తప్పనిది

అమెరికా సుప్రీంకోర్టు తీర్పుల మీద శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి వచ్చిన ప్రశ్నల్ని ఈసారి ఒకచోట చేర్చాం. పరీక్షలకు చదివేవాళ్లు, లా విద్యార్థులు, పిల్లల్ని అక్కడికి పంపుతున్న తల్లిదండ్రులు రాశారు. ఒక తీర్పు గురించి లోకంలో ప్రచారమయ్యే మాట వేరు, ఆ రోజు కోర్టు ముందున్న ప్రశ్న వేరు. మేం ఆ రెండోదాన్ని పట్టుకునే జవాబులు రాశాం.

గ్రూప్-1కు చదువుతున్నాను. మార్బరీ వర్సెస్ మాడిసన్ న్యాయసమీక్షకు పునాది అని గైడులో ఒక్క ముక్క రాసి వదిలేశారు. అసలు మార్బరీ ఏమడిగాడు? కోర్టు ఏమిచ్చింది?
– ఒక పాఠకుడు, చీపురుపల్లి

అడిగింది ఇవ్వలేదు. ఈ కేసులో గుర్తుపెట్టుకోవాల్సింది ముందు అదే. 1801 మార్చిలో అధ్యక్ష పదవి నుంచి దిగిపోతూ జాన్ ఆడమ్స్ రాజధాని ప్రాంతానికి కొందరు జస్టిస్ ఆఫ్ ది పీస్‌లను, అంటే చిన్న కేసులు చూసే న్యాయాధికారుల్ని, నియమించాడు. వాళ్లలో విలియం మార్బరీ ఒకడు. నియామక పత్రం మీద సంతకం అయింది, సీలు పడింది, కానీ పత్రం మార్బరీ చేతికి చేరలేదు. కొత్త అధ్యక్షుడు జెఫర్సన్ దాన్ని ఇవ్వనివ్వలేదు. దాంతో మార్బరీ, విదేశాంగ మంత్రి మాడిసన్ మీద మాండమస్ రిట్ (అధికారి తన విధి చేసి తీరాలని కోర్టు ఇచ్చే ఆదేశం) కోరుతూ నేరుగా సుప్రీంకోర్టుకు వెళ్లాడు.

ప్రధాన న్యాయమూర్తి జాన్ మార్షల్ 1803లో మూడు ప్రశ్నలు వేసుకున్నాడు. పత్రం మీద మార్బరీకి హక్కుందా? ఉంది. హక్కు పోతే చట్టంలో దారి ఉందా? ఉంది. ఆ రిట్‌ను ఈ కోర్టు నేరుగా ఇవ్వగలదా? ఇవ్వలేదు. రాయబారులు, రాష్ట్రాలు కక్షిదారులుగా ఉన్న కేసుల్లాంటి కొన్నింటినే సుప్రీంకోర్టు నేరుగా వినాలని, మిగతావి అప్పీలులోనే రావాలని రాజ్యాంగం మూడో అధికరణ చెబుతుంది. 1789 జ్యుడీషియరీ చట్టం 13వ సెక్షను మాండమస్ అధికారాన్ని నేరుగా ఇచ్చిందని మార్షల్ చదివాడు. కాంగ్రెస్ మామూలు చట్టంతో రాజ్యాంగాన్ని సాగదీయలేదు కాబట్టి ఆ మేరకు సెక్షను చెల్లదన్నాడు. చిన్న అధికారాన్ని వదులుకుని, చట్టాన్ని కొట్టేసే పెద్ద అధికారాన్ని (న్యాయసమీక్ష అంటే ఇదే) కోర్టు చేతిలోకి తెచ్చుకుందన్నమాట.

ఇంకో సంగతి. ఆ పత్రాల్ని సమయానికి పంపాల్సిన విదేశాంగ మంత్రి అప్పట్లో ఈ మార్షలే. ఈ రోజుల్లో అయితే అలాంటి న్యాయమూర్తి ఆ కేసు నుంచి తప్పుకోవాలని మా అభిప్రాయం.

జవాబు పత్రంలో రెండు తప్పులు చేయకండి. "మాడిసన్‌ను పత్రం ఇమ్మని కోర్టు ఆదేశించింది" అని రాయకండి. న్యాయసమీక్ష అమెరికా రాజ్యాంగంలో స్పష్టంగా ఉందనీ రాయకండి. అది మన 13వ అధికరణలో ఉంది. ప్రాథమిక హక్కుల కోసం నేరుగా సుప్రీంకోర్టుకు వెళ్లే దారిని 32వ అధికరణ తెరిచింది. ఇక 1803 తర్వాత అమెరికా సుప్రీంకోర్టు మళ్లీ ఒక కాంగ్రెస్ చట్టాన్ని కొట్టేసింది 1857లో, డ్రెడ్ స్కాట్ కేసులో. నల్లజాతివాళ్లు పౌరులే కారన్న ఆ దారుణమైన తీర్పును తుడిచేయడానికి అంతర్యుద్ధం తర్వాత రాజ్యాంగాన్నే సవరించాల్సి వచ్చింది.

తీర్పుల ముందు "347 యు.ఎస్. 483" లాంటి అంకెలు ఉంటాయి. ఎలా చదవాలి? పెద్ద తీర్పును ఎక్కడ మొదలుపెట్టాలి?
– లా మూడో సంవత్సరం విద్యార్థిని, విజయనగరం

మధ్యలోని యు.ఎస్. అంటే ఆ కోర్టు తీర్పుల్ని అచ్చువేసే సంపుటాల వరుస పేరు. మొదటి అంకె సంపుటం, చివరి అంకె తీర్పు మొదలయ్యే పేజీ. మీరు రాసింది తెల్ల, నల్ల పిల్లలకు వేరు బడులు చెల్లవన్న 1954 నాటి బ్రౌన్ తీర్పు. మొదటి 90 సంపుటాలకు రిపోర్టరు, అంటే తీర్పుల్ని సంకలనం చేసిన వ్యక్తి, పేరు కూడా తగిలిస్తారు. మార్బరీ కేసును "5 యు.ఎస్., 1 క్రాంచ్, 137" అని రాసేది అందుకే.

తీర్పు తెరవగానే కనిపించే సంక్షిప్తాన్ని సిలబస్ అంటారు. దాన్ని రాసేది కోర్టు రిపోర్టరు, న్యాయమూర్తులు కాదు. అది తీర్పులో భాగం కాదని అక్కడే ముద్రిస్తారు కూడా. విద్యార్థులు ఎక్కువగా పొరపాటు పడేది ఇక్కడే: సిలబస్‌లోని వాక్యాన్ని ఎత్తి "కోర్టు అన్నది" అని రాసేస్తారు. దిశ తెలుసుకోవడానికి దాన్ని చదవండి, ఉటంకించడం మాత్రం అసలు తీర్పు నుంచే చేయండి.

తర్వాత ఎంతమంది ఎటు ఉన్నారో లెక్కపెట్టండి. తొమ్మిదిమందిలో అయిదుగురు ఒకే కారణంతో ఏకీభవిస్తేనే మెజారిటీ తీర్పు. ఫలితం ఒకటే అయినా కారణాలు వేరైతే చిక్కు. అలాంటప్పుడు గెలిచిన పక్షంలో అన్నిటికన్నా ఇరుకైన కారణం ఏదో అదే పట్టుకోవాలని 1977లో మార్క్స్ కేసులో చెప్పారు. 1978 బేకీ కేసు చూడండి. వైద్య కళాశాలలో కోటా కొట్టేయడానికి నలుగురు ఒకవైపు, ప్రవేశాల్లో జాతిని లెక్కలోకి తీసుకోవచ్చనడానికి నలుగురు ఇంకోవైపు. మధ్యలో పావెల్ ఒక్కడే, రెండు వైపులా సగం సగం కలిశాడు. ఆ ఒక్కడి అభిప్రాయమే పాతికేళ్లపాటు అమెరికా విశ్వవిద్యాలయాల్ని నడిపింది.

భిన్నాభిప్రాయాన్ని తీర్పుగా రాసే ప్రమాదం కూడా ఉంది. "మన రాజ్యాంగానికి రంగు తెలియదు" అనే న్యాయమూర్తి హార్లన్ మాట, రైళ్లలో తెల్ల, నల్లవాళ్లకు వేరు పెట్టెల గురించిన 1896 ప్లెసీ కేసులోదే. కానీ 7–1తో ఓడిన ఆ ఒక్కడి మాట అది. ఆ రోజు కోర్టు చెప్పింది సరిగ్గా దానికి తలకిందులు.

చివరి పని, ఆ తీర్పు ఇప్పటికీ బతికుందా అని చూడటం. పాత గైడుల్లో గర్భస్రావాన్ని హక్కుగా గుర్తించిన 1973 నాటి రో వర్సెస్ వేడ్ ఇంకా చట్టంగానే కనిపిస్తుంది. 2022 జూన్‌లో డాబ్స్ తీర్పు దాన్ని కొట్టేసింది. బేకీ, దాని వెనక వచ్చిన 2003 నాటి గ్రటర్ తెరిచిన దారి 2023లో హార్వర్డ్ కేసుతో మూసుకుపోయింది. మీ నోట్సులో ప్రతి కేసు పక్కన "తర్వాత ఏమైంది" అని ఒక గడి గీసుకోండి.

మా బాబు ఎంఎస్‌కు టెక్సాస్ వెళ్తున్నాడు. అక్కడ పోలీసులు కారు ఆపితే హక్కులు చదివి వినిపించాలటగా? చదవకపోతే కేసు నిలవదంటున్నారు, నిజమేనా అండీ?
– ఒక తండ్రి, పలాస

రెండూ నిజం కాదండీ. 1966లో 5–4తో వచ్చిన మిరాండా వర్సెస్ అరిజోనా తీర్పు రెండు షరతులు కలిసినప్పుడే వర్తిస్తుంది: మనిషి కస్టడీలో ఉండాలి, పోలీసులు ప్రశ్నిస్తూ ఉండాలి. రోడ్డు మీద మామూలుగా కారు ఆపడం ఆ అర్థంలో కస్టడీ కాదని 1984లో బెర్కిమర్ కేసులో తేల్చారు. డ్రైవింగ్ లైసెన్సు, ఇన్సూరెన్సు అడిగితే చూపించాల్సిందే.

అరెస్టు చేసి ప్రశ్నించే ముందు చెప్పాల్సినవి నాలుగు: మౌనంగా ఉండొచ్చు, చెప్పిన ప్రతి మాటా మీకు వ్యతిరేకంగా వాడొచ్చు, లాయరును పక్కన పెట్టుకోవచ్చు, స్తోమత లేకపోతే ప్రభుత్వమే లాయరును ఇస్తుంది. ఇవి చెప్పకపోతే కేసు పోదు. ఆ వాంగ్మూలాన్ని నేరం రుజువు చేయడానికి వాడుకోలేరు, అంతే. ఎర్నెస్టో మిరాండానే చూడండి, ఆ వాంగ్మూలం పక్కన పెట్టి మళ్లీ విచారించినా శిక్ష తప్పలేదు.

మీ బాబుకు గట్టిగా చెప్పాల్సింది ఇంకొకటి ఉంది. మనవాళ్లు మర్యాద కోసం "లాయరుతో మాట్లాడితే మంచిదేమోనండీ" అని నసుగుతారు. అమెరికాలో ఆ "ఏమో" కొంప ముంచుతుంది. 1994 డేవిస్ కేసులో నిందితుడు సరిగ్గా అలాగే, లాయరుతో మాట్లాడాలేమో అన్నాడు. అది స్పష్టమైన కోరిక కాదని, ప్రశ్నలు ఆపనక్కర్లేదని కోర్టు చెప్పింది. 2010 బెర్గ్యూస్ కేసులో మనిషి దాదాపు రెండు ముప్పావు గంటలు ఇంచుమించు నోరు విప్పలేదు. చివర్లో, చేసినదానికి క్షమించమని దేవుణ్ని ప్రార్థించావా అంటే "అవును" అన్నాడు. ఆ ఒక్క మాట సాక్ష్యంగా చెల్లింది. మౌనం పాటిస్తున్నానని నోటితో చెప్పలేదన్నదే కారణం.

కాబట్టి రెండు వాక్యాలు కంఠతా పట్టించండి: "నేను మాట్లాడదలచుకోలేదు. నాకు లాయరు కావాలి." లాయరు కావాలని తేల్చి చెప్పాక, అతనంతట అతను మళ్లీ మాట మొదలుపెట్టనంతవరకు లాయరు వచ్చేదాకా ప్రశ్నలు ఆపాలి. ఇది 1981 ఎడ్వర్డ్స్ కేసు నియమం. మాట్లాడకపోవడం హక్కు, అబద్ధం చెప్పడం హక్కు కాదు. ఫెడరల్ అధికారికి ముఖ్యమైన విషయంలో తెలిసి అబద్ధం చెబితే అదే విడిగా నేరం.

ఈ రక్షణ పౌరులకే కాదు, వీసా మీద ఉన్నవాళ్లకూ ఉంది. భారత కాన్సులేటుకు తెలియజేయమని అడిగే హక్కూ ఉంది. కానీ దేశం నుంచి పంపించే ఇమిగ్రేషన్ విచారణ సివిల్ వ్యవహారం. అక్కడ ప్రభుత్వ ఖర్చుతో లాయరు రాడు, సొంత ఖర్చుతో పెట్టుకోవాలి.

బ్రౌన్ తీర్పుతో తెల్ల, నల్ల పిల్లల బడులు కలిసిపోయాయని పాఠంలో చెబుతున్నాం. అంతేనా?
– ఉపాధ్యాయురాలు, బొబ్బిలి

వెంటనే కాలేదమ్మా. 1954 మే 17న తొమ్మిదిమందీ ఏకగ్రీవంగా వేరు బడులు రాజ్యాంగ విరుద్ధమన్నారు, ఎలా కలపాలో మాత్రం చెప్పలేదు. మరుసటి ఏడాది రెండో తీర్పులో "తగినంత ఆలోచనతో కూడిన వేగం" అన్నారు. గడువు లేని ఆ మాటను అడ్డుపెట్టుకుని దక్షిణాది రాష్ట్రాలు ఏళ్లు గడిపాయి. 1957లో లిటిల్ రాక్‌లో తొమ్మిదిమంది నల్ల పిల్లలు బడిలోకి వెళ్లడానికి సైన్యం రావాల్సి వచ్చింది. వర్జీనియాలో ప్రిన్స్ ఎడ్వర్డ్ కౌంటీ 1959 నుంచి 1964 దాకా ప్రభుత్వ బడులనే మూసేసింది. ఈ అయిదేళ్ల సంగతి పిల్లలకు తప్పక చెప్పండి.

అమెరికా సుప్రీంకోర్టులో భారతీయుడి కేసు ఏదైనా ఉందా?
– ఒక పాఠకుడు, నరసన్నపేట

ఉంది, చదివితే మనసు చివుక్కుమంటుంది. భగత్ సింగ్ థింద్ మొదటి ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యంలో పనిచేశాడు. 1920లో ఆరెగన్ ఫెడరల్ కోర్టు పౌరసత్వం ఇస్తే ప్రభుత్వం అప్పీలుకు వెళ్లింది. అప్పటి చట్టం ప్రకారం తెల్లవాళ్లు, ఆఫ్రికా సంతతివాళ్లు మాత్రమే పౌరసత్వం పొందగలరు.

1922 నవంబరులో జపాన్‌కు చెందిన ఓజావా కేసులో ఇదే కోర్టు, తెల్లవాడంటే చర్మం రంగు కాదు, కాకేసియన్ జాతివాడు అంది. మానవశాస్త్రం ప్రకారం ఉత్తర భారతీయులూ కాకేసియన్లేనని థింద్ తరఫు వాదన. మూడు నెలలకే, 1923 ఫిబ్రవరిలో, అదే న్యాయమూర్తి సదర్లాండ్ మాట మార్చాడు: శాస్త్రం కాదు, సామాన్యుడి వాడుకలో తెల్లవాడంటే ఎవరో అదే లెక్క అన్నాడు. ఏ కొలత పెట్టినా మనవాళ్లు బయటే ఉండేలా కొలతనే మార్చారని మేం నమ్ముతున్నాం. ఈ తీర్పుతో అంతకుముందు పౌరసత్వం పొందిన భారతీయుల నుంచి కూడా దాన్ని వెనక్కి లాక్కున్నారు. మాజీ సైనికుల కోసం 1935లో చేసిన చట్టం కింద థింద్‌కు 1936లో పౌరసత్వం దక్కింది. మిగతా భారతీయులకు 1946 చట్టం దాకా దారి లేదు. సరిగ్గా చెప్పాలంటే ఇది రాజ్యాంగాన్ని కాక చట్టాన్ని వ్యాఖ్యానించిన కేసు, పరీక్షలో ఆ తేడా రాయండి.

జైలు నుంచి పెన్సిల్‌తో రాసిన అర్జీని అమెరికా సుప్రీంకోర్టు విన్నదట. మా బంధువు ఇక్కడ రిమాండులో ఉన్నాడు, లాయరును పెట్టుకునే స్తోమత లేదు. మనకూ అలాంటిది ఉందా?
– ఒక పాఠకురాలు, ఆమదాలవలస

ఆ అర్జీ క్లారెన్స్ గిడియన్‌ది. ఫ్లోరిడాలో ఒక పూల్ (బిలియర్డ్స్ లాంటి ఆట) గదిలోకి చొరబడ్డాడని కేసు. లాయరు కావాలంటే, మరణశిక్ష పడే కేసుల్లోనే ఇస్తామని జడ్జి అన్నాడు. తన కేసు తనే వాదించుకుని ఓడాడు, అయిదేళ్లు శిక్ష పడింది. 1963లో సుప్రీంకోర్టు తన 1942 నాటి తీర్పునే కొట్టేసి, పెద్ద నేరాల కేసుల్లో పేదవాడికి రాష్ట్రమే లాయరును ఇవ్వాలంది. లాయరుతో మళ్లీ విచారణ జరిగితే గిడియన్ నిర్దోషిగా బయటపడ్డాడు.

మనకు 39ఎ అధికరణ ఉంది, 1987 న్యాయ సేవాధికార సంస్థల చట్టం ఉంది. ఆ చట్టం 12వ సెక్షను ప్రకారం కస్టడీలో ఉన్న మనిషికి ఆదాయంతో పని లేకుండా ఉచితంగా లాయరు దొరకాలి. శ్రీకాకుళంలో జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు మీరే తెల్లకాగితం మీద అర్జీ ఇవ్వొచ్చు. లేదా మీ బంధువే జైలు అధికారుల ద్వారా పంపొచ్చు.

అర్జీలో పోలీసు స్టేషను, క్రైమ్ నంబరు, సెక్షన్లు, మొదటిసారి రిమాండుకు పంపిన తేదీ, వచ్చే వాయిదా తప్పకుండా రాయండి. క్రైమ్ నంబరు లేకపోతే ఫైలు వెతకడంలోనే రోజులు పోతాయి. రిమాండు తేదీ ఇంకా ముఖ్యం. నేరాన్ని బట్టి 60 లేదా 90 రోజుల్లో చార్జిషీటు వేయకపోతే బెయిలు హక్కుగా వస్తుంది. అయితే చార్జిషీటు పడేలోపే పిటిషను వేయాలి, ఒక్క రోజు ఆలస్యమైనా ఆ హక్కు పోతుంది. ఆ తేదీని క్యాలెండరులో గుర్తు పెట్టుకుని లాయరుకు ముందుగానే చెప్పండి. ఆఫీసుకు వెళ్లలేకపోతే 15100కు ఫోన్ చేయండి.