నీళ్లలో రోబో, ఒడ్డున నాన్న

ప్రశ్న: మా అమ్మాయి విశాఖపట్నంలో హాస్టల్లో ఉండి ఈసీఈ మూడో సంవత్సరం చదువుతోంది. చెన్నైలోని ఎన్ఐఓటీ (జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ) వారు విద్యార్థులకు పెట్టే పోటీ కోసం తోటివారితో కలిసి నీటి అడుగున తిరిగే రోబో బొమ్మ చేస్తోంది. రాత్రి తొమ్మిది దాకా ల్యాబ్‌లోనే ఉంటోంది. సీజీపీఏ 8.1 నుంచి 7.3కు పడిపోయింది. ఇప్పుడు తన వంతుగా 12,000 రూపాయలు అడుగుతోంది. దానికి మరికొంత కలిపి డేటా సైన్స్ కోర్సులో చేర్పిస్తే మేలు కదా? రెండింటిలో ఉద్యోగానికి ఏది పనికొస్తుంది?
– ఒక తండ్రి, అనకాపల్లి

జవాబు: కొన్నేళ్ల క్రితం ఇదే ప్రశ్నలో రోబోకు బదులు సోలార్ కారు ఉండేది. పక్కింటి పిల్లవాడికి ఆఫర్ లెటర్ వచ్చి మన పిల్లకు రాకపోతే ఎలా అన్న భయం మాత్రం అప్పుడూ ఇప్పుడూ ఒకటే. కాబట్టి ముందు దానికే జవాబు చెబుతాను. బ్యాక్‌లాగులు లేకుండా 7.3 ఉన్న విద్యార్థిని గురించి నిద్ర మానుకోవలసిన పని లేదు. ప్రాంగణ నియామకాలకు వచ్చే చాలా కంపెనీలు గీసే 60 శాతం గీతకు ఆమె పైనే ఉంది. 7కు దిగనివ్వనని ఆమె చేత మాట తీసుకోండి, అంతకు మించి దశాంశాలు లెక్కపెట్టకండి.

మీరు బొమ్మ అన్నదాని సంగతి కొంచెం చూద్దాం. నీటిలో జీపీఎస్ అందదు, వైఫై కాస్త లోతుకే అణగారిపోతుంది. కనుక వాహనం తనంతట తానే కెమెరాతో చూసి, పీడనాన్ని బట్టి లోతు తెలుసుకొని, దారి నిర్ణయించుకోవాలి. నీటిలో ఎరుపు రంగు అన్నిటికంటే ముందు మాయమవుతుంది కాబట్టి, గదిలో చక్కగా గుర్తుపట్టిన ఎర్ర బంతిని అదే ప్రోగ్రామ్ కొలనులో గుర్తుపట్టకపోవచ్చు. ఇక లీకు సంగతి: ఓ-రింగ్ (మూత సందులోంచి నీరు రాకుండా ఆపే రబ్బరు వలయం) మీద ఒక్క తలవెంట్రుక అడ్డంపడినా నీరు లోపలికి వస్తుంది. నేను చూసిన ఒక జట్టు, సర్క్యూట్లు అమర్చకముందే, ఖాళీ గొట్టంలో టిష్యూ కాగితం మడిచి పెట్టి, ఓ-రింగ్‌కు గ్రీజు రాసి మూత బిగించి, తేలిపోకుండా ఇటుకలు కట్టి డ్రమ్ములో ముంచి, గంట తర్వాత తీసి ఆ కాగితాన్ని చెంపకు ఆనించి తడి చూసుకునేది. మూడుసార్లు తడిసింది. నాలుగోసారి పొడిగా వచ్చిన కాగితాన్ని ఆ పిల్లలు పారేయకుండా గోడకు అంటించుకున్నారు.

డేటా సైన్స్‌ను నేను తక్కువ చేయను. గణాంక శాస్త్రాన్ని ఇష్టపడి కుదురుగా నేర్చుకున్నవారికి అందులో మంచి పనే ఉంది. నా అనుమానమంతా మూడు నెలల్లో సర్టిఫికెట్ చేతిలో పెట్టే కోర్సుల మీద. అలాంటి కోర్సు చేసి నా దగ్గరకు వచ్చే పిల్లల రెజ్యూమెల్లో టైటానిక్ ప్రయాణికుల్లో ఎవరు బతికారో అంచనా కట్టే ప్రాజెక్టు తప్పకుండా కనిపిస్తుంది (నీటితో ఆ కోర్సులకున్న సంబంధం బహుశా అంతే). అందరి దగ్గరా ఉన్న ప్రాజెక్టును చూసి ఇంటర్వ్యూలో ఎవరూ ఆగరు. తయారుగా ఇచ్చిన పట్టికతో పనిచేసినవారికి, తప్పు సెన్సర్‌లో ఉందా ప్రోగ్రామ్‌లో ఉందా అని రాత్రి ఎనిమిదింటికి తలపట్టుకొని తేల్చుకోవలసిన అవసరం రాదు. ఎంబెడెడ్ కంపెనీలకు (పరికరాల లోపలి చిప్‌లకు ప్రోగ్రామ్ రాసేవాటికి) కావలసింది ఆ తేల్చుకోగలగడమే. పైథాన్, కెమెరా చిత్రాలను విశ్లేషించే ఓపెన్‌సీవీ ఎలాగూ ఆ ల్యాబ్‌లోనే అబ్బుతాయి.

పోటీ ఉద్యోగానికి హామీ పత్రమేమీ కాదు. విశాఖలోనే నౌకాదళ అవసరాలకు పనిచేసే పరిశోధనశాల ఎన్ఎస్‌టీఎల్ ఉంది, చెన్నైలో ఎన్ఐఓటీ ముగ్గురిని 6,000 మీటర్ల లోతుకు తీసుకెళ్లే జలాంతర వాహనం మత్స్య-6000ను తయారు చేస్తోంది. అయినా ఈ రంగంలో ఖాళీలు తక్కువ, వాటి మీదే ఆశ పెట్టుకోవద్దు.

ఒక మాట కటువుగా అంటాను, ఏమీ అనుకోవద్దు. సీజీపీఏను దశాంశంతో సహా రాసిన మీరు, ఆ రోబోలో మీ అమ్మాయి ఏ భాగం చేస్తోందో ఒక్క ముక్క రాయలేదు. అడిగి ఉండరు. అడగండి, ఎందుకంటే మీరు పోల్చమన్న లెక్క దాని మీదే ఆధారపడి ఉంది. సర్క్యూట్ ఆమె చేతిలో ఉంటే ఈ ఏడాది వృథా పోదు. ఇలాంటి జట్లలో ఆడపిల్లలకు పోస్టర్లు, స్పాన్సర్లకు ఉత్తరాలు అప్పగించి సోల్డరింగ్ ఐరన్ మగపిల్లలు పట్టుకోవడం నేను చాలాసార్లు చూశాను; అక్కడా అదే జరుగుతుంటే, జట్టు మానమని కాదు, పని మార్చమని పట్టుబట్టమనండి.

12,000 ఇవ్వండి, జట్టు ఖర్చుల పట్టిక చూపించమని మాత్రం అడగండి. తొమ్మిది దాటాక ల్యాబ్ నుంచి హాస్టల్‌కు ఎవరు చేరుస్తారో ఫ్యాకల్టీ అడ్వైజర్ గారికి మీరే ఫోన్ చేసి కనుక్కోండి, ఆ పని అమ్మాయి మీద వేయకండి.