పగటిపూట చూపించు అమ్మడూ

అమ్మడూ,

పేగు ఆపరేషన్ చేసి పొట్టకి మలం సంచీ పెట్టిన దగ్గర్నుంచీ మీ ఆయన వసారాలో పడుకుంటున్నాడని, నిన్ను చూస్తే అసహ్యమేమోనని ఫోన్లో ఏడ్చావు. అతన్ని అడిగావా? అడక్కుండా తేల్చేసుకోకు. సంచీ మీద చెయ్యి పడితే నీకు నొప్పెడుతుందేమో, ఏదన్నా ఊడిపోతుందేమో అని భయపడి దూరం జరిగే మగవాళ్లు చాలామంది. మీ పెదనాన్నగారూ అంతే.

అందుకని పగటిపూట, సంచీ మార్చుకునేటప్పుడు పిలిచి చూపించు. స్టోమా, అంటే పొట్టమీద పేగు బయటికి తెరుచుకున్న చోటు, ఎర్రగా, తడిగా, బుగ్గ లోపలివైపులా ఉంటుంది. దానికి నొప్పి తెలిసే నరాలు లేవు, మెల్లగా తగిలితే ఏమీ కాదు. ఆ రంధ్రంలోకి మాత్రం ఎప్పుడూ ఏదీ పోనివ్వకూడదు. చాలా ప్రమాదం. ఇద్దరికీ తెలియాలి.

ఆపరేషన్ అయ్యాక మళ్లీ ఇద్దరూ కలవడానికి మామూలుగా 6 నుంచి 8 వారాలు ఆగమంటారు. నీ సంగతి సర్జన్‌గారినే అడుగు, సిగ్గుపడకు.

నీది చిన్నపేగు సంచీ కాబట్టి తిన్నాక కొన్ని గంటలు ఎక్కువ వస్తుంది. తెల్లవారుజామున, ఏమీ తినకముందు నెమ్మదిగా ఉంటుంది. కలిసేముందు సంచీ ఖాళీ చేసుకుని అంచు చుట్టూ వేలితో నొక్కి చూసుకో. మన కోనసీమ ఉక్కకి చెమటపట్టి అతుకు వదిలేస్తుంది, చర్మం బాగా ఆరాకే అంటించు. పాత నూలుచీర ముక్కతో సంచీకి గలీబు కుట్టుకుంటే ప్లాస్టిక్ చప్పుడు వినపడదు, ఒంటికి అంటుకోదు. పక్కకి తిరిగి పడుకుంటే పొట్టమీద బరువుండదు. ఎప్పుడన్నా కారితే లేచి కడుక్కోండి, అంతే.

పెద్దపేగుతోపాటు మలద్వారం కూడా తీసి కుట్టేశారు కదా, కలిసినప్పుడు తడి తక్కువగా ఉండొచ్చు, నొప్పి రావచ్చు. పళ్లబిగువున ఓర్చుకోకు. నీళ్లతో చేసిన జెల్ మందులషాపులో అడుగు. ఇంట్లో కొబ్బరినూనె ఉందిగా అనుకుంటావేమో, నిరోధ్ వాడేటప్పుడు అది వద్దు, రబ్బరు పాడవుతుంది. అప్పటికీ నొప్పి తగ్గకపోతే లేడీ డాక్టరుకి చెప్పు. పిల్లలు ఇప్పుడే వద్దనుకుంటే ఇంకోమాట, నీలాంటివాళ్లకి గర్భం రాకుండా వేసుకునే మాత్రలు ఒంటికి పూర్తిగా పట్టకపోవచ్చు. వేరే పద్ధతి ఆవిణ్ణే అడుగు. పిల్లల ఆశైతే వదులుకోనక్కర్లేదు, సంచీతోనే కన్నవాళ్లున్నారు.

ముందు కొన్నాళ్లు పక్కనే పడుకుని కబుర్లు చెప్పుకున్నా చాలు. నీకు మనసు లేనిరోజు లేదనే చెప్పు.

మీ ఆయన నీతో పెదవి విప్పకపోతే నాకు కబురు చెయ్యి. పెదనాన్నగారు శనివారం అమలాపురం వస్తున్నారు, ఆయనే కూర్చుని మాట్లాడతారు.

మీ పెద్దమ్మ