మిగిలిన ఊలుకు ముందు తూకం

తిరుపతి

చి. సౌ. పాపకు, పెద్దమ్మ ఆశీస్సులు.

మీ అత్తగారి ట్రంకుపెట్టెలో దొరికిన ఊలు ఏం చేయాలని నువ్వు అడిగినప్పటి నుంచి నాకు అదే ధ్యాస. పారేయబాకు. ఎవరి స్వెటరుకో, ఏ మనవరాలి టోపీకో కొని, మిగిలింది జాగ్రత్తగా ఉండచుట్టి దాచుకున్న ఊలు అది.

నువ్వు ముందు ఫోన్లో బొమ్మ చూసి, దానికి సరిపడా ఊలు ఉందా అని వెతుకుతున్నావు. మిగులు ఊలుతో అట్ల కుదరదు. చేతిలో ఎంత ఉందో చూసుకున్నాకే అది ఏమవుతుందో తేల్చుకోవాల.

లేబుళ్లు లేవన్నావు కదా. అయితే అది ఏ దారమో తెలుసుకోవడమే మొదటి పని. ఒక్కో ఉండ నుంచి వేలెడు పోగు కత్తిరించి, సింకు దగ్గర నిలబడి పట్టకారుతో పట్టుకొని అగ్గిపుల్ల అంటించు. వెంట్రుకలు కాలిన వాసన వచ్చి, బూడిద నలిపితే పొడైపోతే గొర్రె ఊలు. కరిగి గట్టి పూసలాగా ముద్దకడితే అక్రిలిక్ అనే కృత్రిమ దారం. కాగితం మాదిరి కాలిపోతే నూలు. చల్లారేదాకా చేత్తో ముట్టుకోవద్దు, కరిగిన అక్రిలిక్ చర్మానికి అంటుకుంటే వదలదు. తేలినవి తేలినట్టు మూడు సంచుల్లో వెయ్యి.

ఇంత గట్టిగా ఎందుకు చెప్తున్నానంటే, పెళ్లైన కొత్తలో నేను గొర్రె ఊలు చదరాలూ అక్రిలిక్ చదరాలూ కలిపి దుప్పటి అల్లినాను. వేడినీళ్లలో ఒక్కసారి ఉతికేసరికి ఊలువి గట్టిపడి ముడుచుకున్నాయి, అక్రిలిక్‌వి అట్లనే ఉండిపోయినాయి. దుప్పటంతా గుంటలూ బుడిపెలూ. ఆరు నెలల పని అది. ఇప్పటికీ తలుచుకుంటే మనసు చివుక్కుమంటుంది.

తర్వాత వంటింటి డిజిటల్ కాటా తీసి ప్రతి ఉండనూ తూచి, గ్రాములు చీటీ మీద రాసి గుచ్చిపెట్టు. ఒకే రంగు 40 గ్రాములుంటే, సాక్సులకు 20, 20గా ముందే విడదీసుకో. ఒక కాలికి పొడుగు, ఇంకో కాలికి పొట్టి కాకుండా ఉంటుంది. ఉండ ఎంతవరకు వస్తుందో తెలియనప్పుడు చదరాన్ని మూల నుంచి మొదలుపెట్టు. వరుసకు ఒక కుట్టు పెంచుకుంటా పో. కాటా మీద సగం బరువుకు వచ్చిందా, అక్కడి నుంచి ఒక్కో కుట్టు తగ్గించు. ఎదుటి మూల చేరేసరికి ఊలు దాదాపు అయిపోతుంది. ఇంత హాయైన పద్ధతి నాకు ఇంకోటి తెలీదు.

ఇది రెండు సూదుల అల్లిక. కొక్కెం సూదితో అల్లే క్రోషియా చదరానికి లెక్క వేరు. మొదటి చుట్టుకు మూడేసి ట్రెబుళ్ల (కొక్కేనికి దారం ఒకసారి చుట్టి వేసే పొడుగు కుట్ల) గుంపులు 4, రెండో చుట్టుకు 8, తర్వాత 12, 16. (నువ్వు చూసే అమెరికా వీడియోల్లో మన ట్రెబుల్‌నే డబుల్ అంటారు, తికమకపడొద్దు.) అంటే నాలుగో చుట్టుకు మొదటిదానికంటే నాలుగింతల దారం పడుతుంది. అందుకని చిటికెడు ఉన్న రంగులు నడిమధ్యకు, పెద్ద ఉండలు అంచుకు. అన్ని చదరాలకూ చివరి చుట్టు ఒకే రంగుతో వెయ్యి, మీగడ రంగైతే మేలు. లోపల ఎన్ని రంగులున్నా కన్ను చెదరదు.

పల్చటి 4 ప్లై దారాలు రెండు కలిపి అల్లితే దాదాపు 8 ప్లై మందం వస్తుంది (ప్లై అంకె పెరిగేకొద్దీ దారం మందం). ట్రంకులో సూదులు కూడా ఉంటే వాటి మీద పాత నంబర్లు ఉంటాయి చూడు. 10 నంబరంటే 3.25 మిల్లీమీటర్లు, 8 నంబరంటే 4. నంబరు పెరిగేకొద్దీ సూది సన్నం.

కొసలు దాచడం చివరికి పెట్టుకుంటే ప్రాణం విసుగుతుంది, అల్లుతానే కుట్టు కిందికి తోసేయి. గొర్రె ఊలైతే రెండు కొసలూ అంగుళం మేర పురి విప్పి, తడిచేసి, అరచేతుల మధ్య వేడెక్కేదాకా రుద్దు, ఒకటైపోతాయి. అక్రిలిక్‌కూ నూలుకూ ఈ కిటుకు పనిచేయదు. వేడి గిన్నెలు పట్టుకునే గుడ్డ అల్లాలనుకుంటే నూలే వాడు. అక్రిలిక్ వద్దే వద్దు, వేడికి కరుగుతుంది.

ఇంక అసలు సంగతి. బుడ్డోడికి కొండమీద పుట్టెంట్రుకలు తీయిస్తారు కదా. గుండుకు చందనం పూస్తారు, తెల్లారుజామున చలిగాలి కొడుతుంది, కిందికి దిగితే ఎండ. ఆ తలకు నూలు టోపీ కావాల. మీ అత్తగారి నూలు 50 గ్రాములుంటే సరిపోతుంది. తల చుట్టుకొలతలో 3 సెంటీమీటర్లు తగ్గించు. తల 45 ఉంటే టోపీ 42. దాన్ని మూడుతో భాగిస్తే 14, అందులో కొంచెం తక్కువ, 13కు పైచిలుకు, నడినెత్తి బిళ్ల వెడల్పు. 12 ట్రెబుళ్లతో మొదలుపెట్టి చుట్టుకు 12 పెంచుతా, బిళ్ల ఆ వెడల్పు రాగానే పెంచడం ఆపి, చెవుల మీదికి వచ్చేదాకా తిన్నగా అల్లు. చందనం మరక కనపడకుండా పసుపో లేత గోధుమ రంగో ఎంచుకో. గుండీలూ పూసలూ కుట్టొద్దు, పిల్లోడు పీకి నోట్లో పెట్టుకుంటాడు.

బుడ్డోడి తల టేపుతో కొలిచి అంకె పంపు, నేనూ ఒకసారి లెక్క చూస్తా. ట్రంకులో ఎర్ర ఉండ ఉంటే దాన్ని మాత్రం తడిపిన తెల్లగుడ్డతో రుద్ది, రంగు దిగదని తేలేదాకా దేంతోనూ కలపొద్దు.

ఇట్లు,
పెద్దమ్మ