బోరు లోతు కాదు, నీళ్లెక్కడున్నాయో చెప్పండి

కళ్యాణదుర్గం వైపు నుంచి ఒక రైతు అడుగుతున్నారు: మూడెకరాల చీనీ (బత్తాయి) తోట, బోరు 300 అడుగులు, కరెంటు లైను లేదు. సోలార్ మోటారు 5 హెచ్‌పీ తీసుకోవాలా, 7.5 తీసుకోవాలా? వాట్సాప్‌లో సబ్సిడీ లింకు వచ్చింది, ఫీజు కట్టమంటోంది, కట్టొచ్చా?

కట్టొద్దు. రైతులకు సోలార్ మోటార్ల మీద సబ్సిడీ ఇచ్చే కేంద్ర పథకం పీఎం కుసుమ్ 2019లో మొదలైన దగ్గర్నుంచీ దాని పేరు మీద దొంగ సైట్లు పుడుతూనే ఉన్నాయి, కేంద్రంలోని నూతన, పునరుత్పాదక ఇంధన శాఖ హెచ్చరిస్తూనే ఉంది, నాకు ఇదే ప్రశ్న వస్తూనే ఉంది. అడ్రసు మధ్యలో ఎక్కడో 'గవ్' అని ఇరికిస్తారు, మనం అది చూసి నమ్మేస్తాం. చూడాల్సింది https:// తర్వాత వచ్చే మొదటి ఏటవాలు గీతకు (/) ముందున్న చివరి ముక్క. అది డాట్ గవ్ డాట్ ఇన్ (.gov.in) కాకపోతే మూసేయండి. ఇంతకంటే నాకు టెన్షన్ పెట్టేది 'అప్లికేషన్ ఫారం' అంటూ పంపే ఏపీకే ఫైలు, అంటే నొక్కితే ఫోన్లోకి యాప్ ఎక్కించే ఫైలు. ఇన్‌స్టాల్ చేసి మెసేజ్‌లు చదివే అనుమతి ఇచ్చారంటే మీ ఓటీపీలు వాళ్లకీ చేరతాయి. ఇప్పటికే నొక్కేసి ఉంటే ఆ ఫోన్లో నెట్ ఆపి, వేరే ఫోన్ నుంచి బ్యాంకుకూ, సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కీ చెప్పండి.

ఇక హెచ్‌పీ. బోరు 300 అడుగులైతే ఏంటి? మోటారు నడుస్తున్నప్పుడు నీళ్లు ఎంత కిందికి దిగుతాయో అదీ లెక్క. జనరేటర్ అద్దెకు తెచ్చి రెండు మూడు గంటలు నీళ్లు తోడించండి, పురికొసకు బోల్టు కట్టి దించండి, తడి ఎక్కడ మొదలైందో అక్కడికి కొలవండి. దానికి తొట్టి ఎత్తు కలిపి అప్పుడు షాపుకెళ్లండి. బోరులో ఒక ఇంచు నీళ్లే ఊరుతుంటే 7.5 పెట్టినా ఆ ఇంచే, పైగా నీళ్లందక మాటిమాటికీ 'డ్రై రన్' అని ఆగిపోతుంది. బ్యాటరీ ఊసెత్తకండి, ఆ డబ్బుతో తొట్టి కట్టుకోండి, డ్రిప్‌కి సాయంత్రం కూడా వదులుకోవచ్చు.

అసలు నా కోపం సోలార్ మోటారును నడిపే ఈ కంట్రోలర్ డబ్బాల మీద. సిమ్ వేసి, యాప్ ఇచ్చి, డబ్బా మీద స్టిక్కర్‌లో 12345678 అని పాస్‌వర్డ్ అచ్చేసి పంపేవాళ్లను ఏమనాలి? గట్టు మీద నిలబడి ఎవడైనా మీ మోటారు ఆపేయొచ్చు. సర్వర్ పడిపోయిన రోజు ఎండ మండిపోతున్నా నీళ్లు రావు. డబ్బా మీద చేత్తో తిప్పే స్విచ్ లేనిది కొనకండి. బిగించడానికొచ్చిన కుర్రాడు వెళ్లేలోపు పాస్‌వర్డ్ మార్చుకోండి, అతని ఫోన్లోంచి కూడా మీ మోటారు తీసేయించండి.