షెర్లాక్ హోమ్స్ మీద ఎం.ఏ. ప్రాజెక్టు చేయొచ్చా?

ఎం.ఏ. ఇంగ్లీషు ఆఖరి సెమిస్టర్ ప్రాజెక్టుకు హోమ్స్‌ను తీసుకుంటే నడుస్తుందా, విమర్శకులు ఆయన్ని ఎలా చదివారు, ఎక్కడ మొదలుపెట్టాలి అని అడిగారు. నడుస్తుంది. నేను చేశాను. నల్లగొండలో స్పైరల్ బైండింగ్ చేయించిన కాపీ ఒకటి ఇంకా మా ఇంట్లో అటక మీద ఉంది. మా గైడ్ మొదటి రోజే "బస్సులో చదివి పడేసే కథల మీద ప్రాజెక్టేందమ్మా" అన్నారు. మీకూ ఈ మాట తప్పదు, సిద్ధంగా ఉండండి.

ముందు నేను చేసిన తప్పు చెప్తా. రెండు నెలలు కూర్చుని, హోమ్స్ కథలు మనకు చెప్పే ఆయన స్నేహితుడు డాక్టర్ వాట్సన్ గాయం మీద ఇరవై పేజీలు రాశాను. 1887లో వచ్చిన మొదటి నవల 'ఎ స్టడీ ఇన్ స్కార్లెట్'లో అఫ్ఘాన్ యుద్ధపు తూటా ఆయన భుజానికి తగులుతుంది. 1890 నాటి 'ది సైన్ ఆఫ్ ఫోర్'కు వచ్చేసరికి గాయం కాలికి దిగింది! ఇంకో కథలో భార్య ఆయన్ని జేమ్స్ అంటుంది, అసలు పేరేమో జాన్ హెచ్. వాట్సన్. రాసినాయన, అంటే కోనన్ డాయిల్, మర్చిపోయాడు, అంతే. కానీ 1911లో రోనాల్డ్ నాక్స్ అనే ఆయన బైబిల్ పండితుల పరిశోధనను వెక్కిరిస్తూ, అదే ఫక్కీలో ఈ కథల మీద ఆక్స్‌ఫర్డ్‌లో వ్యాసం చదివాడు. ఆ వెక్కిరింతే తర్వాత పెద్ద ఆటైపోయింది. హోమ్స్, వాట్సన్ నిజంగా బతికిన మనుషులే అనుకుని ఇలాంటి తేడాలన్నిటికీ కారణాలు వెతకాలి. ఎవరూ నవ్వకూడదు. డిటెక్టివ్ నవలలు రాసిన డొరొతీ సేయర్స్ అయితే హెచ్ అంటే హామిష్, అది జేమ్స్‌కు స్కాట్లాండ్ రూపం అని తేల్చేసింది. 1934లో న్యూయార్క్‌లో బేకర్ స్ట్రీట్ ఇర్రెగ్యులర్స్ అని సంఘమే పెట్టుకున్నారు. భారతం మీద శంకలకు సమాధానాలు చెప్పే పెద్దలు మన ఊళ్ళలో ఉంటారు చూడండి, అదే సంబరం. చదువుకోవడానికి భలేగా ఉంటుంది, ప్రాజెక్టుకు మాత్రం పనికిరాదు. గైడ్ నా ఇరవై పేజీలకూ అడ్డంగా గీత కొట్టారు. ఆ రోజు ఏడ్చాను గానీ, ఆయన చేసింది సరైన పనే.

నన్ను గట్టెక్కించింది కార్లో గింజ్‌బర్గ్ అనే ఇటలీ చరిత్రకారుడు 1979లో రాసిన వ్యాసం. బొమ్మలో చెవి తమ్మెలు, గోళ్ళు ఎలా గీశారో చూసి అసలు చిత్రకారుడెవరో చెప్పిన మొరెల్లి, నోరు జారిన మాటలో మనసును పట్టుకున్న ఫ్రాయిడ్, సిగరెట్ బూడిద చూసే హోమ్స్, ముగ్గురిదీ ఒకటే విద్య అంటాడాయన. మొరెల్లి, ఫ్రాయిడ్, డాయిల్ ముగ్గురూ వైద్యం చదివినవాళ్ళే. ఆ విద్యకు మూలం అడుగుజాడలు చదివే వేటగాడి దగ్గరుందంటాడు. అది చదవగానే నాకు మా తాత గుర్తొచ్చాడు.

మాది దేవరకొండ వైపు. ఒక వానాకాలం మేక తప్పిపోతే తాత నన్ను వెంటబెట్టుకుని చెరువు కట్ట కిందికి పోయాడు. బురదలో వంద గిట్టల గుర్తులున్నాయి. అందులో ఒకదాని దగ్గర కూర్చుని "ఇది మనదే. ఎడమ ఎనక కాలు ఈడ్చింది సూడు" అన్నాడు. పక్కనే చెప్పుల జాడ, కుడి మడమ ఒక వైపు అరిగింది. "కొత్తోడైతే గుంజుకపోవాలె, గిట్టలు బురదల గీసుకుంటయి. ఇది ఎనుకెనుకనే నడిచింది." అంతా అయ్యాక లేచి, దులుపుకుని, "తండోళ్ళ పనే" అన్నాడు. పోయి గొడవ కూడా పెట్టుకుని వచ్చాడు. మూడో రోజు మేక మా చిన్నతాత దొడ్లో దొరికింది. ఆ తర్వాత తాత చాన్నాళ్ళు తండా మీదుగా పోకుండా చుట్టు తిరిగి పొలానికి పోయేవాడు.

1892 నాటి 'సిల్వర్ బ్లేజ్' చదివితే మీకు నవ్వొస్తుంది. రాత్రి గుర్రం మాయమైనా కాపలా కుక్క మొరగలేదు. ఎందుకంటే వచ్చింది తెలిసిన మనిషే. మా తాత చేతిలో సరిగ్గా అదే ఆధారం ఉంది, మేక తెలిసిన మనిషి వెనకే నడిచింది. అయినా ఆయన తండా మీదికే పోయాడు.

నా ప్రాజెక్టు అక్కడే పుట్టింది. 'ది సైన్ ఆఫ్ ఫోర్'లో 1857 నాటి ఆగ్రా నిధి కోసం లండన్‌లో హత్య జరుగుతుంది. చిన్న పాదం, బూట్లలో ఇరుక్కోక విడివిడిగా ఉన్న వేళ్ళు, రాతి గుండున్న దుడ్డుకర్ర, విషపు ముల్లు, ఇవన్నీ హోమ్స్ చక్కగా గమనిస్తాడు. తర్వాత గెజిటీర్, అంటే ప్రాంతాల వివరాలుండే పుస్తకం, తెరిచి అండమాన్ వాళ్ళు వికారంగా ఉంటారు, క్రూరులు, మనుషుల్ని తింటారు అని చదివి వినిపిస్తాడు. అక్కడ ఆయన చూస్తున్నది అడుగును కాదు, సామ్రాజ్యం అచ్చేసిన మాటను. ఆ అండమాన్ మనిషి టోంగా థేమ్స్ నదిలో తుపాకీ గుళ్ళకు పోయేదాకా నవలలో నేరుగా ఒక్క మాటా పలకడు. కొన్ని కులాలనూ తెగలనూ పుట్టుకతోనే నేరస్థులుగా లెక్కగట్టిన బ్రిటిష్ వాళ్ళ చట్టం మన దేశంలో 1871లో వచ్చిందని గుర్తుపెట్టుకుని ఆ పేజీలు చదవండి. వేలిముద్రల కథ కూడా మన దేశంతో ముడిపడిందే. 1858లో బెంగాల్‌లో విలియం హెర్షెల్ అనే బ్రిటిష్ అధికారి ఒక కాంట్రాక్టర్ చేత ఒప్పందం మీద అరచేతి ముద్ర వేయించుకున్నాడు.

మిగతా దారులు నేను పైపైనే చూశాను. కేథరిన్ బెల్సీ అనే విమర్శకురాలు 1980లో ఈ కథల్లో ఆడవాళ్ళ విషయంలో ఉన్న మౌనాన్ని పట్టుకుంది. అది మంచి టాపిక్, ఇంకా చేయొచ్చు. ఉంబెర్టో ఎకో, థామస్ సెబియోక్ 1983లో తెచ్చిన వ్యాస సంకలనం హోమ్స్‌ది తర్కమా, తెలివైన ఊహా అని తేలుస్తుంది. లాజిక్ ఇష్టమైతేనే ముట్టుకోండి, నాకు తల తిరిగింది. తెలుగులో చేయాలనుంటే కొమ్మూరి సాంబశివరావు డిటెక్టివ్ యుగంధర్‌ను హోమ్స్ పక్కన పెట్టి చూడండి. నాకు టైమ్ సరిపోలేదు.

నాలుగు నవలలు, 56 కథలు అన్నీ మీదేసుకోవద్దు. ఒక్క 'సైన్ ఆఫ్ ఫోర్' చాలు, ప్రాజెక్ట్ గుటెన్‌బర్గ్ వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతుంది. ఆరో అధ్యాయంలో పాదం గుర్తు, ఎనిమిదో అధ్యాయంలో గెజిటీర్. ఆ రెండూ ప్రింట్ తీసుకుని పక్కపక్కన పెట్టి గైడ్ దగ్గరికి వెళ్ళండి.