ఆయిల్ కూలర్: గాలికి దారి, థర్మోస్టాట్, ఒక పాత రబ్బరు రింగు

ప్రశ్న: నాది టయోటా జీటీ86. రోడ్డు మీద ఏ ఇబ్బందీ లేదు. ట్రాక్ మీద మాత్రం ఐదారు ల్యాప్‌లు తిరిగేసరికి ఆయిల్ వేడి 130 డిగ్రీలు దాటుతోంది. 25 వరుసల ఆయిల్ కూలర్ (ఇంజిన్ ఆయిల్‌ని గాలితో చల్లబరిచే చిన్న రేడియేటర్‌లాంటిది) కొని రేడియేటర్ ముందు బిగించెయ్యమని, థర్మోస్టాట్ దండగని మా ఫ్రెండ్ అంటున్నాడు. నాకేమో టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు?

జవాబు: మీరు టెన్షన్ పడటంలో తప్పులేదండీ. 130 దగ్గర ఇంజిన్ అప్పటికప్పుడు పోదు, మంచి సింథటిక్ ఆయిల్ కాసేపు తట్టుకుంటుంది. కానీ మీ కారుకి పోసే 0డబ్ల్యూ-20 రకం ఆయిల్ అసలే పలచన. వేడెక్కేకొద్దీ ఇంకా పలచబడుతుంది, ప్రెషర్ పడిపోతుంది, బేరింగుల్లో ఉండాల్సిన ఆయిల్ పొర సన్నబడిపోతుంది. ట్రాక్ మీద తిప్పుతున్నారు కాబట్టి మీకు కూలర్ కావాలి. రోడ్డు మీదే తిరిగే కారైతే వద్దనే చెప్పేవాణ్ణి.

మీ ఫ్రెండ్ చెప్పినవాటిలో నేను అస్సలు ఒప్పుకోనిది థర్మోస్టాట్ సంగతి. ఆయిల్ వేడెక్కాకే దాన్ని కూలర్‌లోకి పూర్తిగా వదిలే వాల్వు అది. ఆయిల్ సరిగ్గా వేడెక్కకపోయినా ఇంజిన్‌కి చెడే. లోపల చేరే తేమ, ఆయిల్‌లో కలిసే కాస్త పెట్రోలు ఆవిరైపోవాలంటే ఆయిల్ వంద డిగ్రీల దరిదాపుల్లోకి రావాలి. థర్మోస్టాట్ లేకుండా కూలర్ పెట్టించుకున్న కారొకటి నా దగ్గరికి వచ్చింది. ఆయిల్ పోసే మూత విప్పితే లోపలివైపు మీగడలాంటి తెట్టు, లేత గోధుమ రంగులో, వేలితో తీస్తే జిగటగా సాగింది. హెడ్ గాస్కెట్ (ఇంజిన్ పై భాగానికీ కింది భాగానికీ మధ్య ఉండే సీలు) పోయి నీళ్ళు ఆయిల్‌లో కలిశాయేమోనని ఓనరు హడలిపోయి ఉన్నాడు. గాస్కెట్ బాగానే ఉంది. ఆయన రోజూ తిప్పేది పది పదిహేను నిమిషాలు, ఆ కాసేపట్లో ఆయిల్ 60 డిగ్రీలు కూడా దాటడం లేదు. ఆయిల్ మార్చి, థర్మోస్టాట్ ఉన్న శాండ్‌విచ్ ప్లేటు పెట్టాక ఆ తెట్టు మళ్ళీ కనిపించలేదు.

శాండ్‌విచ్ ప్లేటంటే ఇంజిన్‌కీ ఆయిల్ ఫిల్టర్‌కీ మధ్య కూర్చునేది, కూలర్‌కి వెళ్ళే హోసులు దీనికే తగిలిస్తారు. 80 డిగ్రీల దగ్గర తెరుచుకునేది తీసుకోండి. మంచి ప్లేటు మూసి ఉన్నప్పుడు కూడా కొద్దికొద్దిగా ఆయిల్‌ని కూలర్‌లోకి వదులుతూనే ఉంటుంది. అందువల్ల అది తెరుచుకోగానే చల్లటి ఆయిల్ ఒక్కసారిగా ఇంజిన్‌లోకి వచ్చిపడదు.

ఇక సైజు. వరుసల లెక్క కూలర్ ఎత్తు చెబుతుంది, అంతే. దాని పొడవెంతో కూడా అడిగి కొనండి. మీ రెండు లీటర్ల ఇంజిన్‌కి టర్బో లేదు కాబట్టి నేనైతే 19 వరుసలది తీసుకుంటాను, ట్యూబుల రకం కాకుండా ప్లేట్లు పేర్చిన రకం. గాలి సరిగ్గా ఆడని 25 వరుసల కూలర్ కంటే గాలి బాగా ఆడే 19 వరుసలదే ఎక్కువ చల్లబరుస్తుంది. పైగా రేడియేటర్‌కి అడ్డంగా పెద్ద కూలర్ పెడితే అక్కడ వేడెక్కిన గాలే రేడియేటర్‌లోకి పోతుంది. ఆయిల్ వేడి తగ్గినా రేడియేటర్ నీళ్ళ వేడి పెరుగుతుంది.

అందుకే ముందు బంపర్ మూలన, చక్రానికి ముందున్న ఖాళీలో పెట్టమంటాను. గాలి లోపలికొచ్చే దారికి చుట్టూ కూలర్ అంచుల దాకా సందు లేకుండా గోడలు కట్టుకుంటూ రండి. సందుంటే గాలి కూలర్ పక్క నుంచి జారిపోతుంది, రెక్కల మధ్యలోకి దూరదు. చాలామంది వదిలేసేది వెనకవైపు. వచ్చిన గాలి బయటికి పోవడానికి చక్రం దగ్గరి ప్లాస్టిక్ లైనర్‌లో చీలికలు కోయండి. 1998 వరకూ వచ్చిన ఎయిర్ కూల్డ్ పోర్షే 911లలో ఇంజిన్ వెనక ఉన్నా, బయటి ఆయిల్ కూలర్‌ని మాత్రం ముందు కుడి ఫెండర్‌లో పెట్టేవారు. అంత దూరం పైపులు లాగడానికి సిద్ధపడింది గాలి కోసమే.

కూలర్‌ని నేరుగా బాడీకి బిగించొద్దు, మధ్యలో రబ్బరు బుష్‌లు ఉండాలి. హోసులు తగిలించే మూతులు పైకి ఉంటే లోపలి గాలి బయటికి పోతుంది, ఇంజిన్ ఆపాక ఆయిల్ కిందికి జారిపోదు. హోసు ఏఎన్-10 సైజుది సరిపోతుంది. ఆ పది అంటే అంగుళంలో పదహారో వంతులు పది, అంటే 5/8 అంగుళం. స్టీలు అల్లిక ఉన్న హోసు ఎక్కడ రాసుకుంటే అక్కడ రంపంలా కోస్తుంది, బాడీకి తగిలే ప్రతిచోటా రబ్బరు క్లిప్పు వేయండి. ఫిట్టింగులు బిగించేటప్పుడు రెండు స్పానర్లు వాడండి: ఒకటి కూలర్ మూతిని కదలకుండా పట్టుకోవడానికి, ఇంకొకటి తిప్పడానికి. ఒక్కదానితో తిప్పితే అల్యూమినియం మూతి మెలి తిరిగి పగులుతుంది.

ఇప్పుడు చెప్పేది జాగ్రత్తగా చదవండి. పాత ఫిల్టర్ విప్పినప్పుడు దాని రబ్బరు రింగు ఒక్కోసారి ఇంజిన్‌కే అతుక్కుని ఉండిపోతుంది. నల్లటి మెటల్ మీద నల్లటి రింగు, కంటికి ఆనదు. దాని మీదే ప్లేటు బిగిస్తే రెండు రింగులవుతాయి. స్టార్ట్ చేసిన కాసేపు అంతా బాగానే ఉంటుంది, ఆర్‌పీఎం పెంచగానే పై రింగు పక్కకి జారి ఆయిలంతా బయటికి కొట్టేస్తుంది. మా షెడ్డులో ఒకసారి ఇలాగే జరిగింది. వెంటనే ఆపాం కాబట్టి ఇంజిన్ దక్కింది. అప్పటి నుంచి గుడ్డతో తుడిచి, వేలితో చుట్టూ తడిమి చూడకుండా ఏ ప్లేటూ బిగించను. మీ కారులో ఫిల్టర్ పైనే ఉంటుంది కాబట్టి చెయ్యి అందుతుంది. ప్లేటు వల్ల ఫిల్టర్ కాస్త ఎత్తవుతుంది, బానెట్‌కి తగులుతుందేమో మూసేముందు చూసుకోండి.

బిగించేముందే కూలర్‌లో ఆయిల్ నింపండి. ఫ్యూయల్ పంప్ ఫ్యూజ్ తీసేసి, పదేసి సెకన్లు స్టార్టర్ తిప్పి, ఆయిల్ లైటు ఆరాకే స్టార్ట్ చేయండి. థర్మోస్టాట్ తెరుచుకునేదాకా వేడెక్కనిచ్చి, ఆపి, కాసేపాగి లెవెల్ చూడండి. కూలర్, హోసులు కలిపి అర లీటరు పైనే అదనంగా పట్టొచ్చు. టార్చి వేసి ప్రతి జాయింటూ తెల్ల కాగితంతో ఒత్తి చూడండి, తడి తగిలితే మళ్ళీ బిగించండి. మొదటిసారి ట్రాక్ నుంచి వచ్చాక కూడా ఇదే చేయండి.

టెంపరేచర్ సెన్సర్‌ని మాత్రం కూలర్ నుంచి తిరిగొచ్చే ఆయిల్ దగ్గర పెట్టొద్దు. చల్లబడిన ఆయిల్ వేడి చూసి ధైర్యపడిపోతారు. సంప్‌లో (ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టి) వేడి 100 నుంచి 120 మధ్య నిలబడితే కూలర్ తన పని చేస్తున్నట్టే.

ప్రశ్న: బేరింగ్ పోయి ఇంజిన్ మొత్తం విప్పి కట్టించాం. పాత ఆయిల్ కూలర్‌ని పెట్రోలుతో బాగా కడిగి మళ్ళీ వాడుకోవచ్చా?

జవాబు: వద్దమ్మా. బేరింగ్ అరిగినప్పుడు రాలిన లోహపు రజను ఆ సన్నటి దారుల్లో, లోపలి మడతల్లో ఇరుక్కుని ఉంటుంది. ఎంత కడిగినా మొత్తం పోయిందని చెప్పడానికి లోపల చూసే వీలే లేదు. మిగిలిన రజను కొత్త ఇంజిన్ వైపే వస్తుంది. కూలర్ కొత్తది కొనండి, హోసులూ మార్చేయండి. ఆయిల్ థర్మోస్టాట్ ఉంటే దాన్నీ పాతది వాడొద్దు.